చివరి కొళాయి దగ్గర పరీక్షించండి

సంపాదకులకు,

విశాఖ తాగునీటి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎక్కడి నుంచి ఇంకెంత నీరు తేవాలన్న చర్చే జరుగుతోంది. ముడసర్లోవ జలాశయం చాలక గోస్తని నదిపై తాటిపూడి, ఆపై మేఘాద్రిగెడ్డ, రైవాడ జలాశయాలు, చివరికి సుమారు 150 కిలోమీటర్ల పొడవైన కాలువ ద్వారా ఏలేరు జలాశయం దాకా నగరం వెళ్లింది. రైవాడ, తాటిపూడి నీటిపై ఆయకట్టు రైతులకూ హక్కు ఉన్నందున, దారిలో వృథా అయ్యే నీరు వారికీ నష్టమే.

అయితే తెచ్చిన నీరు ఇంటికి చేరేలోగా చెడిపోకుండా చూడటం ఇప్పుడు అంతకన్నా పెద్ద సమస్య. రోజులో కొద్దిసేపే నీరు వదిలే పద్ధతిలో, సరఫరా ఆగగానే గొట్టాల్లో ఒత్తిడి పడిపోయి, వదులైన అతుకుల గుండా చుట్టుపక్కల మురుగు లోపలికి చేరుతుంది. పాతనగరం సందుల్లో ఇంటి కనెక్షన్ల గొట్టాలు మురుగు కాలువలోంచే వెళ్లడం, మొదట వచ్చే రంగు నీటిని గృహిణులు పారబోయడం ఎవరైనా చూడవచ్చు. కొళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఆ మురుగు మరింత వేగంగా లోపలికి వస్తుంది. ఎత్తు ప్రాంతాల వారు వేరే దారిలేకే ఆ పని చేస్తున్నారు కాబట్టి, జరిమానాలతోనే ఇది ఆగుతుందని నేను అనుకోను.

శుద్ధి కేంద్రంలో క్రిములను చంపే క్లోరిన్ మోతాదు పెంచడమూ పరిష్కారం కాదు. వానాకాలంలో జలాశయాల్లోకి కొట్టుకొచ్చే ఆకులు, మట్టిలోని సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిస్తే ట్రైహాలోమీథేన్ల వంటి హానికర రసాయనాలు ఏర్పడతాయి. వడపోత సరిగా జరిగి, గొట్టాల్లో ఎప్పుడూ ఒత్తిడి నిలిస్తే తక్కువ క్లోరిన్‌తోనే సరిపోతుంది. అందుకు నిరంతర విద్యుత్తు కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కరెంటు స్తంభాలను కూల్చినప్పుడు పంపులు ఆగి నగరం నీటికి ఎంత అల్లాడిందో మరువలేం.

భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఆ పరీక్షకు చిన్న గాజు గొట్టం, రంగు మార్చే ద్రావణం చాలు. మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) అధికారులు ప్రతి వార్డులో సరఫరా లైను చివరి కొళాయి వద్ద రోజూ ఈ పరీక్ష చేయించి, ఫలితాలను వార్డు సచివాలయం నోటీసు బోర్డులో పెట్టాలి. క్లోరిన్ తగ్గిందంటే దారిలో మురుగు కలుస్తోందని అనుమానించాలి కాబట్టి, అలాంటి వీధుల్లోనే ముందుగా పాత గొట్టాలను మార్చి, ఇంటి కనెక్షన్లను మురుగు కాలువల్లోంచి పైకి తీయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పాతనగరం, విశాఖపట్నం