మహేంద్రగిరికి దారి చెప్పే నాథుడేడీ?

శ్రీకాకుళం వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కేవాళ్లకు దారి చెప్పే బోర్డు ఒక్కటి కూడా నా కంటపడలేదు. 1501 మీటర్ల ఆ కొండ ఒడిశా గజపతి జిల్లాలో ఉన్నా, మందస, పలాసల మీదుగా వెళ్లే మనవాళ్లు తక్కువేం కాదు. పోయిన కార్తీకంలో మేం వెళ్తే, మధ్యాహ్నం రెండు దాటేసరికి మంచు కమ్మేసి పది అడుగుల అవతల మనిషి కనబడలేదు. సిగ్నల్ లేక ఫోన్లో మ్యాపు తెల్లగా ఉండిపోయింది. రబ్బరు చెప్పులతో, అర లీటరు నీళ్ల సీసాతో బయల్దేరిన నలుగురు కుర్రాళ్లు దారి తప్పి, టెన్షన్‌తో మాకు ఎదురయ్యారు. కట్టెల మోపుతో దిగుతున్న ఓ సవర గిరిజన పెద్దాయన "గెడ్డ (వాగు) చప్పుడు కుడిచేతి పక్కనే ఉండాలి బాబూ" అని, ఎండుకొమ్మ విరిచి మలుపులో గుచ్చి వెళ్లాడు. (డబ్బులిస్తే పుచ్చుకోలేదు.) గైడ్లంటే వీళ్లే. పర్యాటక శాఖ ఒడిశా అధికారులతో మాట్లాడి, సవర యువతకు శిక్షణ, గుర్తింపు కార్డులు ఇచ్చి, రుసుము ఇంతని ఖాయం చేయాలి. మధ్యాహ్నం తర్వాత ఎవరినీ పైకి వదలకూడదు. పలాస స్టేషన్లో, మందసలో తెలుగు బోర్డులు పెట్టాలి. పైకి తీసుకెళ్లే ప్లాస్టిక్ సీసాలు లెక్కపెట్టి, దిగాక మళ్లీ చూపించమనాలి. ఎందుకంటే, బరువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ నది పుట్టేది ఆ కొండల్లోనే.

— ఒక పాఠకుడు, సోంపేట