నిజ్వా నుంచి తెచ్చిన వెండి తీగ

పూజ్యులైన బాపుకు, అమ్మకు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. సైటు పని ఎప్పటిలాగే సాగుతున్నది, జీతమూ వేళకే వచ్చింది, కనుక ఆ దిగులు పెట్టుకోకండి.

మొన్న శుక్రవారం గదిలో వాళ్ళమంతా మస్కట్ నుంచి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న నిజ్వాకు వెళ్ళాము. కోట పక్కనే ఉన్న అంగడిలో వెండి పనివారి వరుస దగ్గరికి వచ్చేసరికి నాకు అడుగు ముందుకు పడలేదు. ఒక ముసలాయన ఖంజర్ ఒరకు తీగ అల్లుతున్నాడు. ఖంజర్ అంటే వీళ్ళు పెళ్ళిళ్ళకు, పండుగలకు నడుముకు కట్టుకునే వంకర కత్తి. ఒమాన్ జెండా మీద ఉండేది కూడా అదే. ఈ పనితనాన్ని 2022లో యునెస్కో గుర్తించిందని డ్రైవరు చెబితే, మన కరీంనగర్ తీగ పనికి కూడా భౌగోళిక గుర్తింపు ఉన్నదని నేను చెప్పాను.

బాపూ, ఆయన రెండు సన్నని తీగలను కలిపి మెలిపెట్టి, చదును చేసి, చిమటా కొసతో చుట్ట తిప్పుతుంటే అచ్చం మీరు కుంపటి ముందు కూర్చున్నట్టే అనిపించింది. వెలిగారం వాసన కూడా అదే. మా బాపుదీ ఇదే పని అని హిందీలో చెప్పగానే పక్కన చోటిచ్చి కూర్చోబెట్టాడు.

అమ్మకు ధోఫార్ ప్రాంతపు చెట్ల లుబాన్, అంటే వీళ్ళ సాంబ్రాణి, కొన్నాను. తెల్లగా, కొంచెం పచ్చటి ఛాయలో ఉన్నదే మేలురకమట. దాన్ని వేయడానికి బహ్లా ఊరి కుమ్మరులు చేసిన మట్టి ధూపపు పాత్ర కూడా తీసుకున్నాను. రెండూ కలిపి మూడున్నర రియాలు, అంతే. ఖంజర్ ధర అడిగాను గానీ కొనలేదు. డబ్బు దుబారా చేస్తున్నానని అమ్మ అనుకోకూడదు; మీ కంటి ఆపరేషన్‌కు వేరుగా పెట్టిన సొమ్ము నేను ముట్టలేదు. ఇక వాయిదా వేయకుండా ఈ నెలలోనే చేయించుకోండి. చెల్లెకు ఉంగరం కొలత తెలియక ఏమీ కొనలేకపోయాను, కొలత దారం పంపమనండి.

లుబాన్, పాత్ర దసరాకు వస్తున్న మన వాళ్ళతో పంపుతాను. ఆ ముసలాయన నా చేతికి రెండు తీగలిచ్చి మెలిపెట్టమన్నాడు. పదేళ్ళయింది కదా, మొదట వేళ్ళు తడబడ్డాయి. ఆ ముక్కను ఆయన నాకే ఇచ్చేశాడు. ఈ ఉత్తరం మడతలోనే పెట్టాను, మెలి సమంగా పడిందో లేదో చూసి చెప్పండి.

మీ కొడుకు