ఛార్జింగ్ మూత విరగడం నా నిర్లక్ష్యం కాదు: వారంటీ తిరస్కరణపై ఫిర్యాదు

అనంతపురం

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

అయ్యా,

నేను అనంతపురం జిల్లాలో బోర్లకు పాయింట్లు చూసే భూగర్భజల సర్వేయరును. నేలలో ఎలక్ట్రోడ్లు దిగ్గొట్టి, కరెంటు పంపి, కొలతలను పొలం గట్టునే ల్యాప్‌టాప్‌లో గీసి చూస్తాను. మామూలు ల్యాప్‌టాప్‌లు రెండు దుమ్ముకు చెడిపోయాక, మూడింతల ధర పెట్టి మీ గట్టి రకం యంత్రం కొన్నాను.

దాని మంచి కూడా చెప్పాలి. మోటారు సైకిల్ మీద నుంచి బండరాళ్ల మీద పడినా చెక్కుచెదరలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ తెర చదవగలిగాను. రాయదుర్గం బస్సులో ఒళ్లో పెట్టుకొని నివేదికలు రాశాను. రాత్రిళ్లు మా అమ్మాయి దాని మీదే చదువుకునేది. రెండున్నర కిలోల బరువు భుజానికి అలవాటైపోయింది.

ఎనిమిదో నెలలో ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత మడత దగ్గర చిట్లి ఊడిపోయింది. రోజూ జీపులో ఛార్జింగ్ పెట్టాలంటే ఆ మూత తెరవక తప్పదు. నా పని ఎక్కువగా కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు. హగరి నది ఒడ్డున ఇసుక దిబ్బలున్న చోటు అది. గాలి లేస్తే కళ్లు తెరవలేం. మూత పోయిన పది రోజులకే ఒక పొలంలో కొలతల మధ్యలో యంత్రం ఆగిపోయింది. అప్పటికే రెండు బోర్లు ఎండిపోయిన రైతు పొలం అది. మర్నాటికి బోరు బండి మాట్లాడుకొని ఉన్నాడు. "సార్, ఇక్కడా నీళ్లు లేవనా?" అని అడిగాడు. అతనికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

మీ సేవా కేంద్రం యంత్రాన్ని బెంగళూరుకు తెప్పించుకొని, మూడు వారాల తర్వాత "లోపల ధూళి చేరింది, వాడకంలో నిర్లక్ష్యం, వారంటీ వర్తించదు" అని రాసింది. మూత విడిగా అమ్మరట. ల్యాప్‌టాప్ కింది భాగపు పెట్టె మొత్తం మార్చాలట. వేరే దారి లేక ఆ డబ్బు కట్టాను.

మీ యంత్రం మీద ఐపీ65 అని, అంటే ధూళిని, నీటిని ఎంత ఆపగలదో చెప్పే ముద్ర ఉంది. అందులో 6 అంటే ధూళి లోపలికి పోనే పోదని అర్థం. మూతలన్నీ బిగించి ఉంటేనే ఆ మాట నిలుస్తుంది. అంటే ఆ అంకె ఆ చిన్న రబ్బరు ముక్క మీదే ఆధారపడి ఉంది. మిల్-ఎస్‌టీడీ-810 అనే అమెరికా సైనిక పరీక్షా పద్ధతిలో 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు, అంటే ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలల మీద, పడవేసి పరీక్షించామని మీ కరపత్రం చెబుతోంది. అదే మూతను ఎన్నిసార్లు తెరిచి మూసి చూశారో అందులో ఒక్క వాక్యం లేదు. పడటం ఎప్పుడో జరిగే ప్రమాదం. మూత తెరవడం రోజూ చేయక తప్పని పని. రోజూ చేసే పనికి ఎనిమిది నెలలు ఆగని భాగాన్ని అమర్చి, నిర్లక్ష్యం నాదనడం అన్యాయం.

నేను కట్టిన మరమ్మతు ఖర్చు తిరిగి ఇవ్వండి. మూతలను విడిభాగాలుగా అమ్మి, తపాలాలో పంపే ఏర్పాటు చేయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేను నివసించే ఈ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేస్తాను. కొనుగోలు బిల్లు, మరమ్మతు రసీదు, మీ కేంద్రం లేఖ, ఊడిన మూత ఫొటో జతపరిచాను. మూత నా దగ్గరే ఉంది, అడిగితే పంపుతాను.

ఇట్లు,
భూగర్భజల సర్వేయరు