కట్ట కింది గుంటలో కప్పలు

అందరికీ నమస్కారం. మొన్నటి వానకు చెరువు కట్ట కింది గుంట నిండింది. రెండు రాత్రులుగా గోదురు కప్పల అరుపులు మా వరండాలోకి వినిపిస్తున్నాయి. నిమ్మపండులా పసుపు రంగుకు తిరిగిన మగ కప్పలను చూశాను, ఎంత సంతోషమేసిందో!

దోమలు తగ్గడానికి, దోమ పిల్లలను తినే గంబూసియా చేపలు ఆ గుంటలో వదులుదామని నిన్న గ్రూపులో అన్నారు. దయచేసి వద్దు. అమెరికా నుంచి తెచ్చిన ఆ చేపలు కప్ప గుడ్లనూ, తోకకప్పలనూ కూడా తినేస్తాయి. వాన గుంటల్లో చేపల బెడద ఉండదు కాబట్టే ఈ కప్పలకు అవి అంత అనువు. కొన్ని వారాలు వదిలేస్తే తోకకప్పలకు కాళ్లు వచ్చి గట్టెక్కుతాయి. డెంగీ దోమ పెరిగేది మన ఇళ్ల దగ్గరి డ్రమ్ముల్లో, కూలర్లలో, పాత టైర్లలో. ముందు ఆ నీళ్లు పారబోద్దాం.

ఒకప్పుడు కాళ్ల కోసం ఈ కప్పలను టన్నుల కొద్దీ విదేశాలకు పంపేవారు. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపించింది. అయినా 2023 నాటి ప్రపంచ అంచనా ప్రకారం ఉభయచరాల్లో దాదాపు 41 శాతం జాతులు ముప్పులో ఉన్నాయి.

రాత్రిళ్లు కట్ట మీద బండి నెమ్మదిగా నడపండి. పురుగుమందు కొట్టిన డబ్బాలు ఆ గుంటలో కడగొద్దని ఇంట్లోవాళ్లకూ చెప్పండి. శనివారం పొద్దున ప్లాస్టిక్ ఏరడానికి వెళ్తున్నాను, వీలైనవాళ్లు రండి.