ఇకపై బండి కొంచెం ఆలస్యంగానే ఇస్తాం, కారణం ఇదీ

మా దగ్గర బండి బాగుచేయించుకునే వాళ్లందరికీ ఒక విషయం ముందే చెప్పేస్తున్నాను, బిల్లు చేతికొచ్చాక వాదించుకోవడం మీకూ నాకూ టెన్షనే. వచ్చే నెల నుంచి రోజుకు తీసుకునే బండ్లు తగ్గిస్తున్నాం. "పొద్దున ఇస్తా, సాయంత్రానికి ఇచ్చేయండి" అనేది ఆయిల్, ఫిల్టర్లు లాంటి మామూలు సర్వీసింగ్‌కి తప్ప ఇంక దేనికీ ఒప్పుకోం. రెండోది, అసలు లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి పట్టే టైమ్‌కి విడిగా ఛార్జీ ఉంటుంది, బిల్లులో చెకింగ్ అని దాని పేరుతోనే కనిపిస్తుంది. ఇన్నాళ్లూ అది లేబర్‌లో కలిసిపోయి ఉండేది. ఈ రెండూ చాలామందికి నచ్చవని తెలుసు. నచ్చకపోతే వేరే చోటికి వెళ్లండి, నేనేమీ అనుకోను, కాకపోతే ఎందుకు మారుస్తున్నామో ఒకసారి చదివి వెళ్లండి.

చెకింగ్ ఛార్జీ గురించే ఎక్కువమంది అడుగుతారు కాబట్టి ముందు అదే చెప్తాను. ఇంజిన్ లైటు వెలిగింది, ఎవరో స్కానర్ పెట్టి చూశారు, పి0171 అని కోడ్ వచ్చింది, "ఆక్సిజన్ సెన్సార్ పోయిందట, మార్చేయండి" అంటూ వస్తారు. ఆక్సిజన్ సెన్సార్ అంటే సైలెన్సర్ పైపులో పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసేది. ఆ కోడ్‌కి అర్థం సెన్సార్ పోయిందని కాదు. లోపలికి వెళ్తున్న గాలికి తగినంత పెట్రోలు పడట్లేదని సెన్సార్ కబురు చెప్తోంది, అంతే. కారణం గాలి వెళ్లే దారిలో చీలిన రబ్బరు పైపు కావచ్చు, ప్రెషర్ తగ్గిన ఫ్యూయల్ పంపు కావచ్చు, దుమ్ము పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సార్ కావచ్చు, మూసుకుపోయిన ఇంజెక్టర్ కావచ్చు, సెన్సార్‌కి ముందు సైలెన్సర్ పైపులో ఎక్కడో సన్నటి లీకు కావచ్చు. నిజం చెప్తున్న సెన్సార్‌ని పీకేసి కొత్తది పెడితే అదీ అదే నిజం చెప్తుంది. కోడ్ చెరిపేస్తారు కాబట్టి కొన్నాళ్లు లైటు ఆరిపోతుంది, మీరూ సంతోషపడతారు, ఆ తర్వాత మళ్లీ వెలుగుతుంది, అప్పుడు ఇంకో పార్టు, ఆ పైన ఇంకోటి. మేమైతే ముందు ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్‌కి గాలి వెళ్లే దారిలోకి, పొగ పంపి ఎక్కడైనా బయటికి వస్తోందా అని చూస్తాం, తర్వాత ఫ్యూయల్ ప్రెషర్ కొలుస్తాం, స్కానర్‌లో ఐడిల్ మీద ఒకసారి, రేస్ ఇచ్చి ఒకసారి రీడింగులు పోల్చుకుంటాం. గాలి లీకైతే ఐడిల్‌లో తేడా ఎక్కువగా కనిపించి రేస్ ఇస్తే తగ్గుతుంది, పంపు బలహీనమైతే చాలావరకు దానికి రివర్స్. దీనికి టైమ్ పడుతుంది, ఎంత పడుతుందో చూడకముందే చెప్పలేను.

సెల్ఫ్ సరిగ్గా తిరగట్లేదని వచ్చే బండ్లదీ ఇదే తంతు. బ్యాటరీ మార్చమంటారు, లేదంటే సెల్ఫ్ మోటార్. బండి ఆపి కాసేపు ఉంచాక మంచి 12 వోల్టుల బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ ఆన్‌లో ఉంటే చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. ఆ రెండూ బాగానే ఉండి, గట్టిగా కరెంటు లాగి చూసే లోడ్ టెస్టులో కూడా బ్యాటరీ నిలబడిందంటే, మీటరు ఒక వైరు బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి ఇంజిన్ బాడీకి పెట్టి సెల్ఫ్ కొట్టి చూస్తాం. అర వోల్టు దాటిందంటే ఎర్త్ కనెక్షన్ పాడైనట్టే. అప్పుడు చేసే పని ఏంటి? ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి, శుభ్రం చేసి మళ్లీ బిగించడం. కొత్త పార్టు ఒక్కటీ పడదు. అప్పుడే ఆ ప్రశ్న వస్తుంది: "ఏమీ మార్చలేదు కదా, డబ్బులెందుకు?"

ఇదిగో, ఈ ప్రశ్న వల్లే బిల్లు మారుస్తున్నాను. మార్చిన పార్టుకి మాత్రమే డబ్బులిస్తాం అని కస్టమర్ అంటే, పార్టులు మార్చే మెకానిక్‌కే లాభం, లోపం కనిపెట్టే మెకానిక్‌కి నష్టం. పది నిమిషాలు మీటరు పట్టుకుని ఎర్త్ వైరు బాగుచేసినవాడికన్నా, ఆలోచించకుండా బ్యాటరీ అమ్మినవాడికి ఎక్కువ మిగులుతుంది. నాకూ పార్టుల మీద మార్జిన్ ఉంటుంది, దాచేదేముంది. మా కుర్రాళ్లు ఎవరూ ఆ మార్జిన్ వైపు చూసి పని చేయకూడదంటే, చూసి కనిపెట్టిన పనికి కూలి దొరకాలి. కనిపెట్టాక రిపేరు మా దగ్గర చేయించుకోవాలని కూడా రూలేమీ లేదు. ఏం చూశాం, రీడింగు ఎంత వచ్చింది, లోపం ఎక్కడ అని కాగితం మీద రాసిస్తాం, అది పట్టుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చు.

ఇక ఆలస్యం సంగతి.

బ్రేక్ ప్యాడ్లు మార్చడం అరగంట పని అని అందరికీ తెలుసు, నిజమే, పాతవి తీసి కొత్తవి పెట్టడం అరగంట కూడా పట్టదు. మేము అంతకన్నా ఎక్కువసేపు తీసుకునేది మిగతా వాటికి. ప్యాడ్లని డిస్క్ మీద నొక్కే క్యాలిపర్ జరగడానికి ఉండే పిన్నులు బయటికి తీసి, ఎండిపోయిన గ్రీజు తుడిచి, వేడికి తట్టుకునే బ్రేక్ గ్రీజు కొత్తగా రాయాలి, లేకపోతే ఒక పక్క ప్యాడ్ మొత్తం అరిగిపోయి రెండో పక్కది కొత్తగానే ఉంటుంది. డిస్క్ మందం మైక్రోమీటర్‌తో కొలవాలి. కనీసం ఎంత ఉండాలో మామూలుగా డిస్క్ మీదే చెక్కి ఉంటుంది, చాలామంది ఆ అంకె వైపే చూడరు. డిస్క్ తీయాల్సి వస్తే డిస్క్ కూర్చునే హబ్ మీద పట్టిన తుప్పు గీకేయాలి, ఎందుకంటే అక్కడ పొరంత తుప్పు మిగిలినా డిస్క్ ఒంకరగా కూర్చుంటుంది, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత బ్రేక్ వేస్తే పెడల్ కాలి కింద అదురుతుంది, మీరేమో డిస్క్ క్వాలిటీ బాలేదంటారు. అంతా అయ్యాక పెడల్ గట్టిపడేదాకా పంప్ చేయకుండా బండిని అంగుళం కూడా కదపనివ్వను.

బ్రేక్ ఆయిల్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను లాగేసుకుంటుంది, దాని తత్వమే అంత. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, నీళ్లు దాదాపు 3.7 శాతం చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. పెద్ద దిగుడులో బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే క్యాలిపర్ దగ్గర ఆ వేడి రావడం వింతేమీ కాదు. ఆయిల్ మరిగిందంటే లోపల ఆవిరి బుడగలు తయారవుతాయి, బుడగ నొక్కితే నలుగుతుంది కాబట్టి పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోతుంది, బ్రేక్ పడదు. రంగు బాగానే ఉంది కదా అంటే నేను ఒప్పుకోను. రంగు చూసి నీళ్లు ఎంతున్నాయో చెప్పలేం. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి, నేనూ అదే అంటాను.

మా దగ్గర బాగా టైమ్ తినేది బోల్టులు. వినడానికి నవ్వొస్తుంది కానీ, బోల్టు బిగించడమంటే దాన్ని కొద్దిగా సాగదీయడం, అది వెనక్కి లాగే బలమే రెండు పార్టుల్ని కలిపి పట్టుకుంటుంది. టార్క్ రెంచ్ కొలిచేది ఆ లాగుడుని కాదు, తిప్పడానికి పెట్టిన బలాన్ని. అందులో సుమారు 90 శాతం థ్రెడ్ల దగ్గర, బోల్టు తల కింద రాపిడికే పోతుంది. థ్రెడ్లలో తుప్పో ఇసుకో ఉంటే రెంచ్ టక్కుమంటుంది కానీ బోల్టు సరిగ్గా సాగి ఉండదు. ఎండు బోల్టుకి ఇచ్చిన లెక్కను ఆయిల్ రాసిన బోల్టుకి వాడితే ఎక్కువ సాగి తెగిపోనూవచ్చు. అందుకే ముందు థ్రెడ్లు శుభ్రం చేస్తాం, చేత్తో మూడు నాలుగు చుట్లు తేలిగ్గా ఎక్కితేనే స్పానర్ తీస్తాం, మాన్యువల్‌లో ఉన్న అంకెకే బిగిస్తాం. క్లిక్ టైపు రెంచ్ వాడాక సెట్టింగు తగ్గించి పెట్టకపోతే లోపలి స్ప్రింగు లెక్క తప్పుతుంది, కాబట్టి సాయంత్రం ప్రతి రెంచ్ కిందికి తిప్పి పెట్టి ఉందో లేదో నేనే చూస్తాను (దీనికి నా వెనక ఏదో పేరు పెట్టారని తెలుసు). కొన్ని ఇంజిన్లలో హెడ్ బోల్టులు, అంటే ఇంజిన్ పై భాగాన్ని పట్టి ఉంచేవి, కావాలనే వెనక్కి రానంతగా సాగేలా చేస్తారు, వాటిని రెండోసారి వాడకూడదు. పాతవే బాగున్నాయి, కొత్తవెందుకు అని అడిగితే ఇదే నా జవాబు. బోల్టు తల మీద ఉండే 8.8, 10.9 అంకెలు కూడా అలంకారానికి కాదు, చుక్కకు ముందున్న అంకెని వందతో గుణిస్తే అది తెగకుండా తట్టుకునే బలం మెగాపాస్కల్స్‌లో వస్తుంది. 10.9 ఉన్న చోట చేతికి దొరికిన 8.8 పెట్టడం మా దగ్గర కుదరదు, అది వచ్చేదాకా బండి స్టాండ్ల మీదే ఉంటుంది.

బిగించిన ప్రతి ముఖ్యమైన బోల్టుకి పెయింట్ మార్కర్‌తో గీత పెడతాం. బిగించినవాడు ఒకడు, గీత చూసి సంతకం పెట్టేవాడు ఇంకొకడు. మధ్యలో ఎవరైనా పిలిచి పని ఆగిపోతే, తిరిగొచ్చాక మొదటి బోల్టు నుంచి మళ్లీ చూసుకోవాలి, ఎక్కడ ఆపానో గుర్తుందిలే అనడం కుదరదు. అందుకే మీకో విన్నపం, బండి అయిందా అని ఫోన్ చేయకండి. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి మేమే మెసేజ్ పెడతాం, ఫొటోలతో సహా.

పిస్టన్లు, వాల్వులు లెక్క ప్రకారం కదిలేలా చూసే టైమింగ్ బెల్టు పని మీద ఎక్కువ చెప్పను. రబ్బరు కాబట్టి కిలోమీటర్లు తిరక్కపోయినా ఏళ్లు గడిస్తే పాడవుతుంది, చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్ వెళ్లి వాల్వులకు కొట్టుకుంటుంది. బెల్టు వేశాక చేత్తో ఇంజిన్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూస్తాం, క్రాంక్ (పిస్టన్లకి తగిలించిన షాఫ్టు) రెండు చుట్లు తిరిగితేనే క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి. ఆ తర్వాతే తాళం.

మీకు ఎప్పటికీ కనిపించని పని ఇంకోటి ఉంది, నాకు అన్నిటికన్నా పట్టింపు ఎక్కువ దాని మీదే. లోపల వైర్లన్నీ ప్లాస్టిక్ క్లిప్పుల్లో కూర్చుని ఉంటాయి. పార్టు తీయడానికి వైరు పక్కకు లాగుతారు, పని అయ్యాక కనెక్టర్ పెట్టేస్తారు, బండి స్టార్ట్ అవుతుంది, అంతా బాగుంది. క్లిప్పులో మాత్రం పెట్టరు. ఆ వైరు ఏ బ్రాకెట్ అంచుకో రాసుకుంటూ, వేడి పైపు పక్కన ఊగుతూ ఉంటుంది, నెలల తర్వాత తొడుగు అరిగి షార్ట్ అవుతుంది. అప్పుడు ఏ రిపేరు వల్ల ఇది వచ్చిందో ఎవరూ చెప్పలేరు, ఎవర్నీ అడగలేరు. ఎవరూ పట్టుకోలేని పని కాబట్టే అది సరిగ్గా జరగాలని నా పట్టుదల. కొత్తగా చేరిన కుర్రాడు ఎలాంటివాడో నాకు ఇంజిన్ విప్పే స్పీడు చూసి తెలియదు, మూత పెట్టే ముందు విరిగిన క్లిప్పు బదులు కొత్తది అడుగుతాడా లేదా అనేదాన్నిబట్టి తెలుస్తుంది.

పార్టులు మీరే తెస్తామంటే: వైపర్లు, ఫిల్టర్లు, బల్బులు తెచ్చుకోండి, బిగిస్తాం. బ్రేకు, స్టీరింగు, టైమింగ్ పార్టులు మాత్రం మేము తెప్పించినవే వేస్తాం, ఎందుకంటే రేపు తేడా వస్తే జవాబు చెప్పాల్సింది నేను. అలాగని కంపెనీ డబ్బాలో వచ్చిందే మంచిదని నేను అనను, కంపెనీకి సప్లై చేసేవాళ్లే చాలా పార్టుల్ని సొంత పేరుతో కూడా అమ్ముతారు, అవి హాయిగా వాడతాం. డూప్లికేట్ డబ్బాలతోనే బాధ. తీసిన పాత పార్టులు కవర్లో వేసి ఇస్తాం, ఇంటికి తీసుకెళ్లి ఏం చేసుకున్నా మీ ఇష్టం, కానీ ఇచ్చేటప్పుడు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి.

బండి ఇచ్చేటప్పుడు "ఏదో సౌండ్ వస్తోంది" అని కాకుండా ఎప్పుడు వస్తోందో చెప్పండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఎడమకి తిప్పితేనా, గతుకుల మీదా, బ్రేక్ వేస్తే ఆగిపోతోందా. వీలైతే ఫోన్‌లో రికార్డ్ చేసి తెండి. ఇంజిన్ లైటు వెలిగితే కోడ్ చెరిపేయించి, బ్యాటరీ వైరు తీసి పెట్టి తేవద్దు, లోపం వచ్చిన క్షణంలో స్పీడు ఎంత, వేడి ఎంత అని కంప్యూటర్ దాచుకున్న రీడింగులు కూడా దాంతోపాటే పోతాయి, మాకు పని రెట్టింపు అవుతుంది, ఇప్పుడు ఆ టైమ్ మీ బిల్లులోనే పడుతుంది.

ఇప్పటికే లోపల ఉన్న బండ్లకు, ఈ నెల బుక్ చేసుకున్నవాళ్లకు పాత లెక్కే. చక్రం విప్పిన ప్రతి బండికీ 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి టార్క్ చూడాలి, దానికి అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, డబ్బులూ తీసుకోం, బండి దిగకుండానే అయిపోతుంది. దయచేసి ఎగ్గొట్టకండి.