ముందు గడియారం చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరైన మనిషిని. తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాం. నవంబరు 17న జాతీయ మూర్ఛ దినం, ఫిబ్రవరి రెండో సోమవారం అంతర్జాతీయ దినం. ఆ రెండు రోజులూ పేపర్లలో ఊదారంగు రిబ్బన్ల ఫొటోలు, డాక్టర్ల నాలుగు మాటలు కనిపిస్తాయి. మంచిదే. కానీ ఫిట్స్ వచ్చే పిల్ల ఇంట్లో ఉంటే తెల్లవారుజామున నాలుగు గంటలకు ఏం చేయాలో, ఏం చూడాలో ఆ నాలుగు మాటల్లో దొరకదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ల కిందటి మాట. తిరుపతి నుంచి మదనపల్లె సర్వీసు. భాకరాపేట ఘాట్ ఎక్కుతుండగా వెనక సీట్లో ఒకాయన పెద్దగా అరిచి, బిగుసుకుపోయి, నడవాలో పడి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. "ఇనుము పెట్టండయ్యా చేతిలో" అని అందరూ కేకలు. నా చేతిలో ఉన్నది టికెట్ పంచ్. దాన్నే ఆయన గుప్పిట్లో కుక్కాను. ఇద్దరు కాళ్లు నొక్కిపట్టారు. రెండు నిమిషాల్లో తగ్గింది. పంచ్ పనిచేసిందని బస్సంతా అనుకుంది, నేనూ అనుకున్నాను. పీలేరులో దిగుతూ ఆయన నాకు దండం కూడా పెట్టాడు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయని, ఆ సమయానికి చేతిలో తాళాలుంటే తాళాలకు, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఉంటే ఉల్లిపాయకు పేరొస్తుందని నాకు తెలిసింది మా మనవరాలి వల్ల.

పాపకు ఇప్పుడు పదమూడేళ్లు. మూడేళ్ల కిందట ధనుర్మాసంలో, గోవిందరాజస్వామి గుడికి పోదామని మా ఆవిడ లేచి నీళ్లు పెట్టుకుంటున్న వేళ, పక్కమీద నుంచి ఒక వింత అరుపు. పాప ఒళ్లంతా కట్టెలా అయిపోయింది. తర్వాత కొట్టుకోవడం, నోట్లో నురగ, పక్క తడిసిపోవడం. మా అమ్మాయి ఏడుపు, మా ఆవిడ గంగమ్మకు మొక్కు, నేను తాళాల గుత్తి కోసం పరుగు. ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతసేపు వచ్చింది?" అరగంట అన్నాను నేను. పది నిమిషాలు అంది మా ఆవిడ. అమ్మాయి అయిదు అంది. "మొదట ఏ చెయ్యి బిగుసుకుంది? తల ఎటు తిరిగింది? ఎంతసేపటికి మాట్లాడింది?" ఒక్కదానికీ మా దగ్గర జవాబు లేదు. సర్వీసంతా ప్రతి స్టేజీ దగ్గర టైము చూసి ఎస్‌ఆర్‌లో, అంటే కండక్టరు దగ్గరుండే లెక్కల కాగితంలో, రాసుకున్న మనిషిని. నా మనవరాలి విషయంలో గోడమీది గడియారం వైపు తల తిప్పలేదు.

రాత్రంతా మేలుకోబెట్టి, తలకు జిగురు పూసి వైర్లు పెట్టి, మెదడులోని విద్యుత్తును గీతలుగా చూపే ఈఈజీ పరీక్ష తీశారు. నార్మల్ అని వచ్చింది. మేం స్వీట్లు పంచబోయాం. డాక్టరమ్మ ఆపింది. ఫిట్స్ లేని సమయంలో తీస్తే ఈఈజీ మామూలుగా ఉండొచ్చు, అంతమాత్రాన జబ్బు లేదని కాదు అంది. ఈసారి వస్తే ఫోన్లో వీడియో తీయమంది.

నెలన్నరకు మళ్లీ వచ్చింది. మా అమ్మాయి పాపను ఒక పక్కకు తిప్పి, తలకింద మడిచిన దుప్పటి పెట్టి, ఫోన్ తీసింది. నేను కేకలేశాను, "బిడ్డ కొట్టుకుంటుంటే సినిమా తీస్తావా" అని. ఆమె పలకలేదు. తల నుంచి కాళ్ల దాకా కనపడేలా పట్టుకుని, "టైము నాలుగూ ఇరవై రెండు" అని పైకే చెబుతూ తీసింది. ఆ వీడియోలో ముందు తల ఎడమకు తిరగడం, ఎడమ చెయ్యి బిగుసుకోవడం, తర్వాతే ఒళ్లంతా కొట్టుకోవడం స్పష్టంగా ఉంది. దాన్ని చూసి డాక్టరమ్మ మెదడు కుడివైపు అనుమానించి ఎమ్మారై రాసింది. అక్కడే చిన్న మచ్చ. బద్దెపురుగు గుడ్డు కడుపులోకి పోయి, దాని పిల్ల మెదడులో తిత్తి కట్టుకుందట.

మా ఇంట్లో గుడ్డు కూడా తినం. మా ఆవిడ డాక్టరమ్మతో చిన్నపాటి గొడవే పెట్టుకుంది, ఇది ఇంకెవరి రిపోర్టో అని. అప్పుడామె ఓపిగ్గా చెప్పింది. సరిగా ఉడకని పందిమాంసం తింటే కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలో గుడ్లు బయటికొస్తాయి. ఆ మురుగు తగిలిన కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ సరిగా కడగకుండా తిన్నవాళ్లకు, ఆ మనిషి సరిగా కడగని చేతులతో వండింది తిన్నవాళ్లకు కడుపులోకి గుడ్లు పోతాయి. శాకాహారం, మాంసాహారం అని దానికి పట్టింపు లేదు. మన దేశంలో ఫిట్స్‌కు ఇదొక ముఖ్య కారణమట. ఆ రోజు నుంచి మా ఇంట్లో కొత్తిమీర నాలుగు నీళ్లు చూస్తోంది.

అప్పుడొక నోటుబుక్కు తెరిచాను, పాత అలవాటుతో గళ్లు గీసి. తేదీ, మొదలైన టైము, ఆగిన టైము, అంతకుముందు నిద్ర ఎంత, మాత్ర వేసుకుందా, జ్వరముందా, తేరుకుని తన పేరు చెప్పడానికి ఎంతసేపు పట్టింది. మూడు నెలలకు దాన్ని తిరగేస్తే నాకే కనిపించింది. వచ్చిన ప్రతిసారీ ముందురోజు పరీక్షకని పన్నెండు దాకా చదివింది, లేకపోతే రాత్రి మాత్ర మరిచింది. మళ్లీ చదివితే ఇంకొకటి దొరికింది. మధ్యమధ్య మాట సగంలో ఆపి, చున్నీ అంచు నలుపుతూ అర నిమిషం ఎటో చూస్తుండిపోయేది. పరధ్యానమని రెండుసార్లు నేనే కసిరాను. అవీ ఫిట్సేనట. బడిలో టీచరు ఎన్నిసార్లు కసిరిందో పాప చెప్పదు.

మా అల్లుడు శ్రీసిటీలో షిఫ్టులు చేస్తాడు, రాత్రులు ఇంట్లో ఉండడు. ఆ దిగులుతో విదేశం నుంచి వచ్చే స్నేహితుడి చేత చేతికి కట్టుకునే వాచీ తెప్పించాడు. చెయ్యి ఒకే తీరున ఊగితే ఫోన్లకు అలారం కొడుతుంది. పాప పళ్లు తోముకుంటే కొట్టింది. కోలాటం ప్రాక్టీసులో కొట్టింది, అల్లుడు ఫ్యాక్టరీలో మిషన్ వదిలేసి ఫోన్ చేశాడు. ఆ చూస్తుండిపోయే ఫిట్స్‌కు మాత్రం ఒక్కసారీ కొట్టలేదు. పనికిరాదని అనను. రాత్రిపూట ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్‌ను ఒకసారి పట్టుకుంది. కానీ అది వచ్చింది కదా అని ఇంట్లో అందరం నిద్రపోతే కుదరదు.

మా ఆవిడకు వాచీ మీద నమ్మకం లేదు. గాంధీ రోడ్డుకు పోయి, పెళ్లికూతురికి పెట్టినట్టు గుత్తంగా మువ్వలున్న పట్టీలు తెచ్చి రాత్రిపూట పాప కాళ్లకు వేస్తుంది. పక్కనే పడుకుంటుంది. మామూలుగా పక్కకు తిరిగితే మువ్వలు ఒకలా మోగుతాయి, అదయితే ఇంకోలా మోగుతాయి అంటుంది. డాక్టరమ్మకు చెబితే నవ్వింది, తీసేయమనలేదు. బోర్లా పడుకోనివ్వొద్దని మాత్రం గట్టిగా చెప్పింది. స్నానాల గదికి గడియ పీకేశాం. పాప స్టూలు మీద కూర్చుని పాటలు పాడుతూ పోసుకుంటుంది. పాట ఆగితే అవ్వ తలుపు కొడుతుంది. "సబ్బు పోయింది అవ్వా, బతికే ఉన్నా" అని లోపలి నుంచి కసురుకుంటుంది. పదమూడేళ్ల పిల్లకు అది ఎంత చిరాకో నాకు తెలుసు.

అన్నీ బాగానే ఉన్నాయనుకున్నప్పుడు అసలు దెబ్బ తగిలింది. ఏడాది పాటు ఒక్క ఫిట్టూ రాలేదు. చిత్తూరు నుంచి వచ్చిన చుట్టమొకాయన, ఈ మాత్రలతో బుర్ర మొద్దుబారుతుంది, ఆపేయండి అన్నాడు. మేమూ బలహీనులమే, ఆపేశాం. అయిదో రోజు ఏడు నిమిషాలు వచ్చింది. నా చేతిలో గడియారం ఉంది కాబట్టి ఏడు అని రాయగలుగుతున్నాను. అయిదు నిమిషాలు దాటితే దానంతట అది ఆగుతుందని కూర్చోకూడదు, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి వచ్చినా అంతే, వెంటనే ఆస్పత్రికి తేవాలని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. 108కు ఫోన్ చేశాం. పాప బరువు చూసి ఆమె రాసిచ్చిన, ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం మందు స్ప్రే ఇంట్లో ఉంది. మా అమ్మాయి చెయ్యి వణక్కుండా కొట్టింది. అంబులెన్స్ వచ్చేలోగా కొట్టుకోవడం తగ్గింది. ఆ చుట్టం ఫోన్ నేను ఇప్పటికీ ఎత్తడం లేదు.

బడి సంగతి. పేరు రాయను. తరగతిలో ఫిట్ వచ్చినప్పుడు నాలుక కొరుక్కుంటుందని పళ్ల మధ్య స్పూను పెట్టారు. ముందు పన్ను విరిగింది. నోట్లో ఏదీ పెట్టకూడదు, నీళ్లు కూడా పోయకూడదు, కాళ్లూ చేతులూ అదిమిపట్టకూడదు. ఇంత చిన్న విషయం వాళ్లకు ఎవరూ చెప్పలేదు, నాకు చెప్పారా? మర్నాడు పిలిచి, మిగతా పిల్లలు భయపడుతున్నారు, టీసీ తీసుకుంటే మంచిదన్నారు. కోపంతో వచ్చేశాను. వారం తర్వాత నోటుబుక్కు, ఫోన్లో వీడియో పట్టుకుని మళ్లీ పోయాను. హెడ్‌మాస్టరు గారు వీడియో మొత్తం చూసి, "ఇంతేనా?" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు పాప తరగతిలో ఇద్దరమ్మాయిలకు పక్కకు తిప్పడం, టైము చూడడం వచ్చు. ఆనాడు బస్సులో నాకు ఆపాటి కూడా రాదు.

తమరిని కోరేది ఒకటే. ఆ రెండు రోజులతో పాటు ఫిబ్రవరి, మార్చిలో పరీక్షలప్పుడు, పిల్లలకు నిద్ర తక్కువయ్యే కాలంలో, ఫిట్ వస్తే ఏం చేయాలో చెప్పే ఒక చిన్న బాక్సు వేయండి. కత్తిరించి బస్సులో డ్రైవరు సీటు వెనకాల, బడిలో స్టాఫ్ రూములో అంటించుకునేంత చాలు. ప్రపంచంలో ఈ జబ్బున్నవాళ్లు దాదాపు 5 కోట్ల మంది అని, సరిగా గుర్తించి మందులిస్తే వాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్క కూడా మూలన వేయండి, మా చుట్టంలాంటి వాళ్లు చదువుతారు.

నా పేరు వేయొద్దని మా ఆవిడ పట్టుబట్టింది. రేపు పాప పెళ్లికి అడ్డమట. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంగా రాసిన వాటిలోంచి మూర్ఛను 1999లోనే తీసేశారని చెప్పాను. చట్టానికి తెలిసింది, మన వీధికి తెలియాలి కదా అంది. ఈ ఉత్తరం పాప చేత చదివించాను. ఎస్‌ఆర్ అంటే ఎవరికీ అర్థం కాదు తాతా అంది, అందుకే పైన వివరం కలిపాను. పేరు సంగతి అడిగితే కాసేపు ఆలోచించి, "పదో తరగతి అయ్యాక నేనే రాస్తాలే, అప్పుడు నా పేరు వేయించుకుంటా" అంది. అందాకా కింద ఉన్నంత వరకే అచ్చు వేయగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు,
బైరాగిపట్టెడ, తిరుపతి.