రౌటర్‌కి వీధి గుమ్మమే దొరికిందా?

సంపాదకుల వారికి,

మాది తణుకు. 31 ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. అయినా మా ఇంట్లో వైఫై చివరి గదిదాకా ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

మాది నాన్నగారు కట్టించిన పెంకుటిల్లు. గోడలు అడుగున్నర మందం, గదులన్నీ ఒకదాని వెనక ఒకటి. కోడలు ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటుందని నిరుడు వేసవిలో ఫైబర్ కనెక్షన్ పెట్టించాం. వచ్చిన కుర్రాడు కిటికీ సందులోంచి తీగ లాగి, వీధి గుమ్మం పక్కన టీవీ వెనకాల రౌటర్ పెట్టాడు. అక్కడే నిలబడి ఫోన్‌లో స్పీడు చూపించాడు. 94 ఎంబీపీఎస్. పావుగంటలో వెళ్లిపోయాడు.

కోడలి గదిలో చూస్తే 4. మీటింగ్ ఉందంటే పాపం ల్యాప్‌టాప్ పట్టుకుని వీధి అరుగు మీదకి రావలసిందే. దారిన పోయేవాళ్లు "ఏమ్మా, ఎండలో కూర్చున్నావు?" అని పలకరించడం, అది అవతల బెంగళూరులో వాళ్ల మేనేజరుకి వినబడటం. రోజూ టెన్షనే.

కంపెనీకి ఫోన్ చేస్తే, మా 100 ఎంబీపీఎస్ ప్లానుని 200కి పెంచుకోమన్నారు. దసరాకి ఏడాది డబ్బు కట్టి పెంచుకున్నాం. టీవీ దగ్గర 190 వచ్చింది, చివరి గదిలో అదే 4. గొట్టం పూడిపోతే మేడ మీద ట్యాంకు పెద్దది కట్టించుకున్నట్టయింది మా పని. తర్వాత 1,800 పెట్టి ఎక్స్‌టెండర్ (రౌటర్ సిగ్నల్‌ని అందుకుని ముందుకి పంపే పరికరం) కొని, కోడలి గదిలోనే తగిలించాం. తనకే అందని సిగ్నల్‌ని అది ఇంకొకరికి ఏం పంచుతుంది? పైగా మేం కొన్న రకం ఒకే రేడియోతో అందుకోవాలి, అదే రేడియోతో పంపాలి. అందిన స్పీడులో సగం అక్కడే పోతుంది.

సంక్రాంతికి ఇల్లు దులుపుతూ నడిమి గదిలో ఇనుప బీరువా జరిపాం. ఆ సాయంత్రం కోడలి గదిలో స్పీడు 20 దాటింది! సెల్‌ఫోన్‌ని అల్యూమినియం రేకులో చుట్టి, రింగ్ కాకుండా చేసి పిల్లలకి చూపించిన మాస్టారిని నేను. బీరువా కూడా లోహమేనని నాకు తట్టలేదు.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది అందులో సగం. మొదటిది నెమ్మదైనా గోడల్ని కాస్త దాటుతుంది. రెండోది వేగమైనది కానీ మా ఇంటి గోడలు రెండు దాటేసరికి చతికిలబడుతుంది. అంటే ఇక్కడ గాలిని నమ్ముకోకుండా తీగ వేయాలి. 25 మీటర్ల ల్యాన్ కేబుల్ కొని, టీవీ వెనక రౌటర్ నుంచి లాగి, దాని చివర మా అబ్బాయి పాత రౌటర్‌ని నడిమి గదిలో, తలెత్తు కన్నా పైన, యాంటెనాలు నిలువుగా ఉండేట్టు బిగించాం. మొత్తం 700 రూపాయలు. ఇప్పుడు చివరి గదిలో 60కి తగ్గడం లేదు.

మా వీధిలో నేను వెళ్లిన ప్రతి ఇంట్లోనూ రౌటర్ గుమ్మం దగ్గరే ఉంది. ఒకరింట్లో అయితే చేపల తొట్టి వెనక! నీళ్లు ఈ తరంగాల్ని పీల్చేసుకుంటాయి మరి. ఆ కుర్రాళ్లని అనడం లేదు, రోజుకి ఎన్ని ఇళ్లు తిరగాలో వాళ్లు. పంపే కంపెనీలనే అడుగుతున్నాను. గోడకి కన్నం వేసేముందు "ఎక్కువగా ఏ గదిలో వాడతారు?" అని అడిగించండి. పది మీటర్ల తీగ ఎక్కువైతే ఆ డబ్బు మేమే ఇస్తాం. వెళ్లేముందు స్పీడు చివరి గదిలో చూపించమనండి. ఫిర్యాదు చేసినవాళ్లకి ప్లాను అమ్మేముందు, రౌటర్ పక్కన ఎంత వస్తోందో కనుక్కోండి.

మా ప్లాను మళ్లీ 100కి తగ్గించమని అడిగాను. వచ్చే దసరాదాకా కుదరదట.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా